పక్క యార్డు: చీమకుర్తి గ్రానైట్ కార్యాలయంలో అనుమానపు మెయిళ్లను వేరుచేసే పని, ప్రాజెక్టు డైరీ

2024 జూలై 1, సోమవారం

ఈ ఉదయం కార్యాలయానికి చేరేసరికి యజమాని గారు నాకోసమే ఎదురుచూస్తున్నారు. ఆయనకు తెలిసిన మరో ఎగుమతిదారుకు ఇటలీ కొనుగోలుదారు నుంచి రావలసిన రెండు కంటైనర్ల అడ్వాన్సు, మధ్యలో ఎవరో పంపిన దొంగ మెయిలును నమ్మడం వల్ల ఇంకెవరి ఖాతాకో వెళ్లిపోయిందట. మన దగ్గర ఇలాంటిది జరగకుండా ఏం చేయగలవని ఆయన అడిగారు. మా కార్యాలయంలో 14 మెయిల్‌బాక్సులు ఉన్నాయి. ఇప్పటిదాకా వచ్చిన ప్రతి మెయిలూ నేరుగా లోపలికి వచ్చేది, చెత్త అనిపించినదాన్ని ఎవరికి వారు చెరిపేసుకునేవారు. ఎగుమతి పత్రాలు చూసే కుర్రవాడు పోయిన నెలలో పోర్టు రుసుముల పేరుతో వచ్చిన ఫైలును తెరవబోయి, పక్క సీటులోని అక్క వారించడంతో ఆగాడు. అంటే ఇంతవరకు మమ్మల్ని కాపాడింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, పక్క సీటే.

అనుమానపు మెయిలును చెరిపేయకుండా, లోపలికీ రానివ్వకుండా, విడిగా ఒకచోట నిలిపి ఉంచి, చూసిన తరువాత విడిచిపెట్టడమో పారేయడమో చేద్దామని చెప్పాను. "ఏందబ్బాయ్, పట్టుకున్న దొంగను ఇంట్లోనే కూర్చోబెడతావా?" అని ఆయన నవ్వారు. ఇంట్లో కాదు సార్, గేటు బయట గదిలో అన్నాను. దీన్ని క్వారంటైన్ అంటారని చెప్పగానే అక్క ముఖం చిట్లించింది, కరోనా రోజుల తరువాత ఆ మాట ఎవరికీ రుచించదు. చివరికి పేరు పెట్టింది యార్డు మేస్త్రి. క్వారీ నుంచి వచ్చిన దిమ్మె మీద ఆయన నీళ్లు కుమ్మరించి, అది ఆరుతున్నప్పుడు కనిపెట్టి చూస్తాడు. వెంట్రుకవాసి పగులు ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరి నల్లని గీతలాగా మిగులుతుంది. అనుమానం వచ్చిన రాయిని పగలగొట్టడు, లారీకీ ఎక్కించడు, పక్క యార్డులో పెట్టిస్తాడు. మెయిళ్ల గదికి కూడా ఆ పేరే ఖాయమైంది.

జూలై 3, బుధవారం

అద్దెకు తీసుకున్న చిన్న సర్వరు మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిలు సాఫ్ట్‌వేరును నిలబెట్టాను. బయటి నుంచి వచ్చే మెయిలును అది ముందుగా అందుకుని 10024వ పోర్టులో (ఓడరేవు కాదు, సర్వరులోని అంకె వేసిన ద్వారం) ఉన్న అమావిస్ అనే తనిఖీదారుకు అప్పగిస్తుంది. అమావిస్ దాన్ని విప్పి, జత చేసిన ఫైళ్లను వైరసులను వెతికే క్లామ్‌ఏవీతోనూ, రాతను స్పామ్‌ను, అంటే చెత్త మెయిలును, పసిగట్టే స్పామ్‌అసాసిన్‌తోనూ పరీక్ష చేయించి, మంచిదైతే 10025వ పోర్టు ద్వారా తిరిగి పోస్ట్‌ఫిక్స్‌కు ఇస్తుంది, కాకపోతే పక్క యార్డు డైరెక్టరీలో పడేస్తుంది. ఇవన్నీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే కాబట్టి ఖర్చంతా సర్వరు అద్దె మాత్రమే. ఆ అద్దెలో పొదుపు చేద్దామని 2 జీబీ మెమరీ ఉన్నదాన్ని తీసుకోవడం నా మొదటి తప్పు. క్లామ్‌ఏవీ తన వైరసు గుర్తుల జాబితానంతా మెమరీలో పెట్టుకుని పనిచేస్తుంది, కొత్త జాబితాను ఎక్కించేటప్పుడు కాసేపు పాతదీ కొత్తదీ రెండూ మెమరీలోనే ఉంటాయి. సాయంత్రం సరిగ్గా ఆ సమయంలోనే సర్వరు ఊపిరాడక క్లామ్‌ఏవీని పడగొట్టింది. 4 జీబీకి మారిన తరువాత మళ్లీ పడలేదు.

జూలై 4, గురువారం

పరీక్షలు చేశాను. ఐకార్ అనే 68 అక్షరాల ఫైలు ఎవరికీ హాని చేయదు, వైరసు పరీక్షకుల పనితీరు చూడడానికే దాన్ని తయారుచేశారు. స్పామ్ పరీక్షకు జీట్యూబ్ అనే అక్షరాల వరుస ఉంది, అది కనిపిస్తే స్పామ్‌అసాసిన్ 1000 మార్కులు వేస్తుంది. రెండూ పక్క యార్డులోకి వెళ్లాయి.

జూలై 8, సోమవారం

మా డొమైన్‌కు (మెయిలు చిరునామాలో @ తరువాత ఉండే పేరుకు) వచ్చే మెయిళ్లను ఈ రోజు నుంచి కొత్త సర్వరుకు మళ్లించాను. స్పామ్‌అసాసిన్ ఒక్కొక్క లక్షణానికి కొన్ని మార్కులు వేసి, కూడినప్పుడు 5 దాటితే స్పామ్ అంటుంది. నేనూ ఆ గీతనే ఉంచాను. గీత దాటినదాన్ని పంపినవారికి తిప్పికొట్టే ఏర్పాటు కూడా అమావిస్‌లో ఉంది కానీ దాన్ని వాడలేదు. దొంగ మెయిలు మీద పంపినవారి చిరునామా సాధారణంగా ఎవరో అమాయకుడిది అయి ఉంటుంది, తిప్పికొట్టిన ఉత్తరం వెళ్లి అతని నెత్తిన పడుతుంది. అలా నలుగురి మీద పడేస్తే మన సర్వరే నల్లజాబితాలోకి ఎక్కుతుంది.

పంపినవారి పేరు గురించి కుర్రవాడికి వివరించడానికి ఈ మధ్యాహ్నం గంట పట్టింది, ఈ పనంతటిలో అందరికీ అర్థం కావలసిన భాగం అదేనని నా అభిప్రాయం. మెయిలుకు కవరు మీద ఒక చిరునామా, లోపలి కాగితం మీద ఒక చిరునామా ఉంటాయి. మనకు తెర మీద కనిపించేది లోపలి కాగితం మీదిది, దాని మీద ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. 1982లో ఈ మెయిలు రవాణా పద్ధతిని ప్రకటించినప్పుడు పంపినవాడు అబద్ధం చెబుతాడన్న ఊహ అందులో లేదు. ఎస్‌పీఎఫ్ అనేది కవరు మీది డొమైన్ తరఫున ఫలానా సర్వర్లు మాత్రమే మెయిలు పంపవచ్చని డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ల వివరాలను అందరికీ చూపే ఇంటర్నెట్ పట్టికలో, ప్రకటించే జాబితా. డీకిమ్ అనేది మెయిలు మీద వేసే సంతకం, దాన్ని సరిచూసే తాళంచెవి కూడా డీఎన్ఎస్‌లోనే ఉంటుంది. లోపలి కాగితం మీది డొమైన్, ఈ రెండింటిలో కనీసం ఒకదానితో సరిపోవాలని అడిగేది డీమార్క్, దాని వివరణ పత్రం 2015లో వెలువడింది. ఇవన్నీ విని కుర్రవాడు, అయితే పైన రాసిన పేరుకు విలువే లేదా అన్నాడు. మనం అమ్మే బ్లాక్ గెలాక్సీని లోకమంతా గ్రానైట్ అంటుంది, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి, లోపల మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వ్యాపారానికి పైపేరు చాలు, లోపల ఏముందో తేల్చాలంటే ముక్క కోసి పరీక్ష చేయాలి అన్నాను. అతనికి వెంటనే అర్థమైంది.

మా సొంత డొమైన్‌కు కూడా ఈ మూడూ పెట్టాను. డీమార్క్‌లో సరిపోని మెయిలును ఏం చేయాలో మూడు రకాలుగా చెప్పవచ్చు: ఏమీ చేయవద్దు, వేరుచేయండి, తిరస్కరించండి. ప్రస్తుతానికి మొదటిదే పెట్టి, ఇతర సంస్థలు పంపే నివేదికల కోసం చూస్తున్నాను. నివేదికలు రెండు రోజులైనా రాకపోవడంతో వెతికితే పక్క యార్డులో దొరికాయి. తెలియని చిరునామాల నుంచి, కుదించిన ఫైళ్ల రూపంలో వచ్చాయి కాబట్టి నా కాపలాదారే వాటిని పట్టుకున్నాడు. (ఈ వాక్యాలు 10వ తేదీన చేర్చాను.)

జూలై 15, సోమవారం

ఈ రోజు నాకు తలవంపులైంది. శనివారం సాయంత్రం మా సరుకుకు రేవులో కస్టమ్స్ పనులు చూసే చెన్నైలోని క్లియరింగ్ ఏజెంటు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన సరుకుకు ఇచ్చే రసీదు పత్రం) చిత్తుప్రతిని పంపి, తప్పులుంటే ఆదివారం మధ్యాహ్నంలోగా చెప్పమన్నారట. వారి డొమైన్ ఎస్‌పీఎఫ్ జాబితాలో వారు వాడుతున్న సర్వరు లేదు, డీకిమ్ సంతకం అసలే లేదు, రాత తక్కువగా ఉండి పెద్ద బొమ్మ జతగా ఉంది, అన్నీ కలిపి 5.8 మార్కులు పడి మెయిలు పక్క యార్డులోకి వెళ్లింది. అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు, ఎందుకంటే తెలియజెప్పే ఏర్పాటు నేను చేయలేదు. ఏజెంటు ఫోను చేసేసరికి కొనుగోలుదారు చిరునామాలోని తప్పుతోనే అసలు పత్రం తయారైపోయింది, దిద్దుబాటు రుసుము మేమే కట్టాం. యజమాని గారు కోప్పడలేదు. "దొంగల్ని పట్టుకోమన్నాను గానీ చుట్టాల్ని గదిలో పెట్టి తాళం వేయమన్నానా?" అన్నారు, అంతే.

రాత్రి బస్సులో ఆలోచిస్తే, పట్టుకోవడం గురించే పది రోజులు పనిచేసి విడుదల గురించి ఒక్క గంట కూడా పనిచేయలేదని తెలిసింది. పక్కన పెట్టిన రాయిని రోజూ వెళ్లి చూసే మేస్త్రి లేకపోతే పక్క యార్డుకూ చెత్తకుప్పకూ తేడా ఉండదు.

జూలై 17, బుధవారం

ఉదయం 10 గంటలకూ సాయంత్రం 4 గంటలకూ, ఆదివారాలతో సహా, నిలిపి ఉంచిన మెయిళ్ల పట్టిక అక్కకూ నాకూ వచ్చేలా ఒక చిన్న స్క్రిప్టు రాశాను. పంపిన చిరునామా, విషయం, పడిన మార్కులు, ఏ కారణానికి ఎన్ని మార్కులో మాత్రమే అందులో ఉంటాయి. మెయిలులోని రాత ఉండదు, లింకులు అసలే ఉండవు. మొదట రాత కూడా చూపిద్దామనుకున్నాను కానీ, యజమాని గారి సొంత అప్పు గురించి బ్యాంకు రాసిన ఉత్తరం ఒకటి నిన్న పక్క యార్డులో పడి నా కంట్లో పడింది. అది నేను చూడవలసినది కాదు. విడుదల చేసే అధికారం కూడా మా ఇద్దరికే ఇచ్చాను. ఎవరి మెయిలును వారే ఒక్క నొక్కుతో విడిపించుకునే సౌకర్యం పెడితే తొందరలో అన్నీ విడిపించేసుకుంటారు. 30 రోజులు దాటినవి వాటంతట అవే చెరిగిపోతాయి.

క్లియరింగ్ ఏజెంటు సర్వరు చిరునామాను నమ్మకస్థుల జాబితాలో చేర్చాను. వారి మెయిలు చిరునామాను మాత్రమే చేర్చడం సులువే కానీ, ఆ చిరునామాను ఎవరైనా రాసుకోగలరు కాబట్టి అది దొంగకు గేటు పాసు ఇచ్చినట్టే అవుతుంది. వారి డీఎన్ఎస్‌లో చేర్చవలసిన వాక్యాన్ని రాసి పంపాను, వారు ఇంకా చేర్చలేదు.

జూలై 20, శనివారం

నిన్న ఒక భద్రతా సాఫ్ట్‌వేరు నవీకరణలో దొర్లిన లోపం వల్ల ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలితెరతో ఆగిపోయాయి. మా కార్యాలయంలో ఆ సాఫ్ట్‌వేరు లేదు. ఇలాంటి రోజున నీలితెరను బాగుచేస్తామంటూ దొంగ మెయిళ్లు బయలుదేరడం ఖాయం కాబట్టి, అలాంటిది వస్తే నాకు ఫోను చేయమని అందరికీ చెప్పి ఇంటికి వెళ్లాను.

జూలై 29, సోమవారం

ఆదాయపు పన్ను రిటర్నులకు గడువు ఎల్లుండి 31తో ముగుస్తున్నందున, ఈ వారమంతా పక్క యార్డు రీఫండు మెయిళ్లతో నిండిపోయింది. మీకు ఇంత సొమ్ము మంజూరైంది, ఖాతా వివరాలు సరిచూసుకోండి అనే ధోరణిలోనే అన్నీ ఉన్నాయి. వాటిలో కొన్నింటికి హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే వెబ్ పేజీ ఫైలు, జతగా ఉంది. దాన్ని నొక్కితే బ్రౌజరులో అచ్చు బ్యాంకు లాగిన్ పేజీలాంటిది మన కంప్యూటరు నుంచే తెరుచుకుంటుంది, మెయిలులో లింకు అనేదే ఉండదు కాబట్టి లింకులను వెతికే పరీక్షకు దొరకదు. ఈ రకం ఫైళ్లను లోపల ఏముందో చూడకుండానే నిలిపివేస్తున్నాను. వాటితో పాటు దొంగ ప్రోగ్రాములను దాచి తేగల ఐఎస్ఓ, ఎల్ఎన్‌కే, జావాస్క్రిప్ట్ ఫైళ్లు, పీడీఎఫ్ అన్న మాట తరువాత మరో చుక్క పెట్టి ఈఎక్స్ఈ (ప్రోగ్రాము ఫైలు గుర్తు) అని ముగిసేవి కూడా నిషిద్ధ జాబితాలో చేరాయి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీసు ఫైళ్లలోని మాక్రోలను (ఫైలు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములను) మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ఎవరూ అడగకుండానే ఆపివేస్తుండడంతో దొంగలు ఇటువంటి ఫైళ్ల వైపు మళ్లారు.

తాళం వేసిన జిప్ ఫైళ్ల విషయం తేలడానికి వాదన జరిగింది. పాస్‌వర్డును మెయిలులోనే రాసి, ఫైలుకు తాళం వేసి పంపితే క్లామ్‌ఏవీ లోపలికి చూడలేదు, దొంగలకు కావలసిందీ అదే. మా ఆడిటరు గారు కూడా లెక్కలను అలాగే పంపుతారు. అన్నీ నిలిపివేసి, ఆడిటరు గారి మెయిలు వచ్చిన రోజు అక్క ఆయనకు ఫోను చేసి విడుదల చేయాలని నిర్ణయించాం. ఆయనకు ఇది నచ్చలేదు.

స్పామ్‌అసాసిన్‌లోని బేయెస్ పద్ధతి, మన మెయిళ్లలో ఏ మాటలు మంచివాటిలో, ఏ మాటలు చెడ్డవాటిలో తరచుగా వస్తాయో నేర్చుకుంటుంది. అయితే 200 మంచి మెయిళ్లు, 200 చెడ్డ మెయిళ్లు చూపించేదాకా అది నోరు విప్పదు. చెడ్డవి వారంలో సమకూరాయి, మంచివాటిని ఏరడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు దిమ్మె, పలక, కంటైనరు, క్వారీలకు సంబంధించిన మాటలున్న మెయిళ్లకు మార్కులు తగ్గుతున్నాయి, ఇటాలియన్‌లోనూ చైనీస్‌లోనూ వచ్చే విచారణలు అనవసరంగా చిక్కడం బాగా తగ్గింది.

ఆగస్టు 5, సోమవారం

అనుమానపు మెయిలును తెరిచి చూడడానికి ఒక పాత ల్యాప్‌టాప్‌ను కేటాయించాను. దాంట్లో లినక్సు ఉంది, ఆఫీసు నెట్‌వర్కుకు కలపలేదు, ఏ ఖాతా పాస్‌వర్డూ అందులో లేదు. మెయిలును మామూలు అక్షరాల రూపంలోనే చూపిస్తుంది, బొమ్మలను బయటి నుంచి తెప్పించదు. కంటికి కనిపించనంత చిన్న బొమ్మను మెయిలులో పెడితే, అది తెరుచుకున్న క్షణంలో పంపినవాడికి ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని తెలిసిపోతుంది. ఫైలును తెరవవలసి వస్తే వర్చువల్ యంత్రంలో, అంటే కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో చేసిన మరో కంప్యూటరులో, తెరిచి, చూడడం అయిపోగానే దాన్ని పాత స్థితికి తిప్పుతున్నాను. యజమాని గారి మనవడు ఆటలకు అడిగాడు, ఇవ్వలేదు.

ఆగస్టు 12, సోమవారం

ఇటలీ అడ్వాన్సు సంగతిని ఈ రోజు మళ్లీ తీశాను, పని మొదలుపెట్టింది అందుకోసమే కదా. ఆ కథలో మోసపోయినది కొనుగోలుదారు, అంటే మా పక్క యార్డు ఎంత బాగా పనిచేసినా ఆ దారి మూయలేదు, ఎందుకంటే ఆ మెయిలు మా సర్వరును తాకదు. మా డొమైన్ పేరును యథాతథంగా వాడుకుంటే మాత్రం డీమార్క్ అడ్డుపడుతుంది. నివేదికలలో మా సొంత మెయిళ్లన్నీ నెగ్గుతున్నాయి కాబట్టి ఈ రోజు రెండో మెట్టుకు, అంటే వేరుచేయమనే ఆదేశానికి, మార్చాను. కానీ మా పేరులాగానే కనిపించే మరో పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన పెడితే ఎం లాగా కనిపిస్తుంది, రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలైతే కంటికి ఇంగ్లీషు అక్షరాలే. అందువల్ల మా ఖాతా వివరాలు మెయిలు ద్వారా ఎన్నటికీ మారవని, మారితే ముందుగా ఫోనులో మాట్లాడతామని ఒక ఉత్తరం తయారుచేసి, కొనుగోలుదారులందరికీ పత్రాలతో పాటు కాగితం మీద పంపుతున్నాం.

డబ్బు మేము కట్టవలసిన చోట మాత్రం పక్క యార్డు పనికొస్తుంది. బ్యాంకు ఖాతా మార్పు, ఐబాన్, స్విఫ్ట్ (విదేశీ చెల్లింపుల్లో ఖాతానూ బ్యాంకునూ గుర్తించే సంకేతాలు), లబ్ధిదారు అనే అర్థం వచ్చే మాటలు దగ్గర దగ్గరగా ఉన్న మెయిలు ఎవరి దగ్గర నుంచి వచ్చినా, ఎన్ని సంతకాలు నెగ్గినా, 6 మార్కులు వేసి నిలిపే సూత్రం రాశాను. దీనివల్ల మంచి మెయిళ్లు కూడా ఆగుతాయని తెలుసు. ఇక్కడ నమ్మకస్థుల జాబితాకు కూడా మినహాయింపు ఇవ్వలేదు.

ఆగస్టు 21, బుధవారం

ఉదయం 10 గంటల పట్టికలో, రాయి కోసే డైమండ్ వైరును మాకు కొన్నేళ్లుగా అమ్ముతున్న విదేశీ సంస్థ మెయిలు కనిపించింది. మార్కులన్నీ కొత్త సూత్రం వేసినవే. ఎస్‌పీఎఫ్ నెగ్గింది, డీకిమ్ నెగ్గింది, డీమార్క్ నెగ్గింది. పాత ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, పోయిన వారం మేము పంపిన ఆర్డరుకు జవాబుగా, మా పాత ఉత్తరాలు కింద అలాగే ఉండగా, ఆడిట్ జరుగుతున్నందువల్ల ఈసారి సొమ్మును ఇంకో ఖాతాకు పంపమని మర్యాదగా రాసి ఉంది. అక్షరదోషం ఒక్కటీ లేదు. డొమైన్‌ను అక్షరం అక్షరం విడదీసి చూశాను, అది అసలు డొమైనే. అక్క కూడా చూసి, ఇది నిజమైనదే, విడిచిపెట్టు, సొమ్ము ఈ రోజు కట్టకపోతే సరుకు ఆలస్యమవుతుంది అంది. నాకూ అలాగే అనిపించిందని ఇక్కడ రాసుకోకపోతే ఈ డైరీకి అర్థం లేదు.

అయినా నియమం నియమమే కాబట్టి ఫోను చేయాలి. మెయిలు అడుగున ఒక నంబరు ఉంది. అక్క దానికి చేయబోతే ఆపి, బీరువాలోని పాత ఇన్‌వాయిస్ ఫైలు తీయించాం. 2022 నాటి ఇన్‌వాయిస్ మీది నంబరూ ఈ నంబరూ చివరి నాలుగు అంకెల్లో తేడాగా ఉన్నాయి. పాత నంబరుకు మధ్యాహ్నం రెండున్నరకు మనిషి దొరికారు. ఖాతా మార్చలేదని, అలాంటి మెయిలు తాము రాయలేదని చెప్పారు. గంట తరువాత వారే ఫోను చేసి, తమ అమ్మకాల ఉద్యోగి మెయిల్‌బాక్సులోకి ఎవరో ప్రవేశించి, కొన్ని మెయిళ్లను ఆయన కంటబడకుండా వేరే ఫోల్డరుకు మళ్లించే నియమం కూడా పెట్టుకున్నారని చెప్పారు. అంటే మెయిలు వచ్చింది నిజమైన సర్వరు నుంచే, సంతకం నిజమైనదే, రాసిన చెయ్యి మాత్రమే వేరు.

సొమ్ము పోలేదు కాబట్టి ఫిర్యాదు చేయడానికి ఏమీ లేదని యజమాని గారు అన్నారు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో వివరాలు నమోదు చేశాను. డబ్బు వెళ్లిపోయిన పక్షంలో వెంటనే ఫోను చేయవలసిన 1930 అనే సైబర్ నేరాల సహాయ నంబరును పెద్ద అంకెలతో అచ్చు వేయించి అక్క బల్ల పక్కన గోడకు అంటించాను. ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

సెప్టెంబరు 2, సోమవారం

పట్టిక చూసే పని అక్కకు అలవాటైంది. పోయిన వారం పక్క యార్డులో నిలిచిన వాటిలో నాలుగింటిని మాత్రమే విడుదల చేశాం, ఆ నాలుగింటిలో రెండు ఆడిటరు గారివే. నేను సెలవు పెట్టిన రోజున విడుదల నిర్ణయం అక్క ఒక్కతే తీసుకోవలసి వస్తోంది కాబట్టి రెండో మనిషిగా కుర్రవాడికి నేర్పుతున్నాను. నిన్న అతను ఒక మెయిలును మార్కులు తక్కువగా ఉన్నాయని విడిచిపెట్టబోయి, పంపిన చిరునామాను ఒక్కొక్క అక్షరంగా కాగితం మీద రాసుకుని చూసి ఆగాడు. క్లియరింగ్ ఏజెంటు డీఎన్ఎస్ ఇంకా సరికాలేదు. వచ్చే నెల మొదటి వారంలో మా డీమార్క్‌ను మూడో మెట్టుకు మార్చాలి, అంతకుముందు యార్డులోని తూకం యంత్రం తన నివేదికలను ఏ సర్వరు ద్వారా పంపుతోందో కనుక్కోవాలి.